లాగౌట్ నొక్కినా కుకీ పోవట్లేదా? సర్వర్ వైపు నుంచి సరిగ్గా తీసేసే పద్ధతి

అడ్మిషన్ల రోజులవి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరున్న ఒక నెట్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. "ఏటి తమ్ముడూ ఇది, ఆ పాప లాగౌట్ నొక్కి వెళ్లిపోయింది, తర్వాత కూర్చున్న కుర్రాడికి ఆ పాప ఫారమే తెరుచుకుంటోంది" అన్నాడు సెంటర్ నడిపే అన్న. ఆ సైట్ రాసింది నేనే, ఒక కోచింగ్ సెంటర్ కోసం. అమ్మాయి ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, మార్కులు, అన్నీ ఎవరో తెలియని కుర్రాడి ముందు తెరిచిన పుస్తకంలా ఉన్నాయి. ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మన జిల్లాల్లో సొంత లాప్‌టాప్ లేని పిల్లలు ఇంకా చాలామంది నెట్ సెంటర్ కంప్యూటర్ మీదే అప్లికేషన్లు పెడతారు, ఒకే కుర్చీలో రోజుకు ఎంతోమంది కూర్చుంటారు, కాబట్టి లాగౌట్ అనేది మనం చివర్లో తోచినట్టు రాసి వదిలేసే పని కాదు.

తప్పు ఒక్క లైనులో ఉంది. కుకీ అంటే ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుండడానికి సర్వర్ బ్రౌజర్‌లో పెట్టించే చిన్న చీటీ. లాగిన్‌లో దాన్ని పెట్టినప్పుడు పాత్ (సైట్‌లో ఏ ఫోల్డర్‌కి వర్తిస్తుందో చెప్పేది) అని స్లాష్ ఇచ్చాను, అంటే సైట్ మొత్తానికి. లాగౌట్‌లో దాన్ని తీసేయడానికి మాత్రం పేరు, ఖాళీ విలువ, గంట వెనకటి సమయం, ఈ మూడే ఇచ్చి పాత్ రాయలేదు. నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది, ఎందుకంటే అక్కడ ఫైళ్లన్నీ పై ఫోల్డర్‌లోనే ఉన్నాయి. అసలు సర్వర్‌లోకి ఎక్కించినప్పుడు ఆ ఫైళ్లు స్టూడెంట్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లాయి, దాంతో తొలగింపు కూడా ఆ ఫోల్డర్ కుకీకే వెళ్లింది. అలాంటి కుకీ అసలు లేనే లేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇది ఎందుకు జరుగుతుందో అర్థమైతే మిగతా మెట్లన్నీ సులువు. ఒక మాట: ఇక్కడ టెక్నికల్ పదాలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, కోడ్‌లో మాత్రం వాటి మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌నే టైప్ చేయండి.

అసలు సంగతి: కుకీని నేరుగా చెరపడం సర్వర్ వల్ల కాదు

1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ కుకీని తయారుచేసినప్పటి నుంచి ఇప్పటిదాకా, ఫలానా కుకీ ఒక్కదాన్ని చెరిపేయమని చెప్పే ప్రత్యేకమైన ఆజ్ఞ హెచ్‌టీటీపీలో (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతిలో) లేదు. 2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6265 అనే ప్రమాణ పత్రంలో కూడా సర్వర్ చేతిలో ఉన్నది ఒక్క సెట్-కుకీ హెడరే, అంటే రెస్పాన్స్‌లో పేజీ కన్నా ముందు వెళ్లే సూచన లైను. కుకీ ఉండేది బ్రౌజర్‌లో, దాని మీద సర్వర్‌కి నేరుగా చెయ్యి లేదు. మనం చేయగలిగిందల్లా అదే కుకీని ఇంకోసారి పంపడం, ఈసారి గడువు ఎప్పుడో తీరిపోయినట్టుగా. బ్రౌజర్ పాతదాని స్థానంలో కొత్తది పెట్టి, గడువు తీరింది కదా అని తీసేస్తుంది.

ఆ "అదే కుకీ" అన్న మాటలోనే కిటుకంతా ఉంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి పుణ్యమా అని మా జిల్లాలో ఏ ఊరికెళ్లినా సూర్యనారాయణలు ఉంటారు. పోస్ట్‌మ్యాన్‌కి సూర్యనారాయణ అని ఒక్క పేరు రాసి ఉత్తరం ఇస్తే చేరదు, ఇంటిపేరూ ఊరూ కూడా రాయాలి. కుకీ కూడా అంతే. బ్రౌజర్ దాన్ని గుర్తుపట్టేది పేరు, డొమైన్, పాత్ ఈ మూడూ కలిపి చూసి. మూడింట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా అది బ్రౌజర్ దృష్టిలో వేరే కుకీ, మీరు పంపిన తొలగింపు గాలిలో కలిసిపోతుంది, ఎక్కడా ఎర్రర్ కూడా రాదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. బ్రౌజర్ మనకు కుకీని తిరిగి పంపేటప్పుడు పేరు, విలువ మాత్రమే పంపుతుంది. ఏ పాత్‌తో పెట్టారు, ఏ డొమైన్‌తో పెట్టారు, గడువెంత, ఇవేవీ రావు. అంటే వచ్చిన రిక్వెస్ట్‌ని చూసి ఎలా తీసేయాలో సర్వర్ కనిపెట్టలేదు. పెట్టినప్పుడు మనమే గుర్తుంచుకోవాలి.

మొదట చేయాల్సింది: ఎలా పెట్టారో చూడండి

కోడ్ ముట్టుకోకముందే క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ప్రిజర్వ్ లాగ్ టిక్ పెట్టి, లాగిన్ అవ్వండి. లాగిన్‌కి వచ్చిన రెస్పాన్స్ హెడర్లలో సెట్-కుకీ లైను ఉంటుంది. దాన్ని అక్షరం తేడా లేకుండా ఒక కాగితం మీద రాసుకోండి: పేరు, పాత్, డొమైన్, సెక్యూర్ ఉందా, సేమ్‌సైట్ విలువేంటి, పార్టిషన్డ్ ఉందా (ఈ చివరి మూడింటి సంగతి కింద చెబుతాను). పేరులో చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా కూడా లెక్కే. తర్వాత లాగౌట్ నొక్కి దాని సెట్-కుకీ లైనును పక్కనే రాయండి. పదిలో ఎనిమిది సార్లు ఈ రెండు లైన్లూ పక్కపక్కన పెట్టగానే తప్పు కళ్లకు కనిపిస్తుంది. నాకు అలాగే కనిపించింది, కానీ రాత్రి రెండింటి దాకా కోడ్‌లో వెతికిన తర్వాత.

పాత్

సెట్-కుకీలో పాత్ రాయకపోతే బ్రౌజర్ తనే ఒకటి ఊహించుకుంటుంది. రిక్వెస్ట్ వెళ్లిన అడ్రసులో చివరి స్లాష్‌కి ముందున్న భాగాన్ని తీసుకుంటుంది. అంటే /స్టూడెంట్/లాగౌట్ అనే అడ్రసు నుంచి పాత్ లేకుండా పంపితే పాత్ /స్టూడెంట్ అవుతుంది, /లాగౌట్ నుంచి పంపితే ఉత్త / అవుతుంది. ఫైలు ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి మారిస్తే చాలు, లాగౌట్ చెడిపోతుంది. అందుకే పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ పాత్‌ని చేత్తో రాయండి, ప్రత్యేకమైన కారణం లేకపోతే రెండుచోట్లా / అనే రాయండి.

చాలామందికి ఇంకో అనుమానం వస్తుంది: లాగౌట్ పేజీ /లాగౌట్‌లో ఉంటే /అకౌంట్ పాత్‌తో ఉన్న కుకీని అక్కడి నుంచి తీసేయగలమా అని. తీసేయగలం. ఆ కుకీ లాగౌట్ పేజీకి రాదు, సర్వర్‌కి కనిపించదు, అయినా పాత్=/అకౌంట్ అని రాసి సెట్-కుకీ పంపితే బ్రౌజర్ ఒప్పుకుంటుంది. "కుకీ వస్తేనే తీసేయి" అని ఇఫ్ కండిషన్ రాసుకున్నవాళ్లు మాత్రం ఇక్కడ దెబ్బతింటారు. ఆ ఇఫ్ తీసేయండి, కుకీ వచ్చినా రాకపోయినా తొలగింపు లైను పంపండి. లేని కుకీని తీసేయమంటే ఏ నష్టమూ లేదు.

డొమైన్

ఇది పాత్ కన్నా ఎక్కువ తిప్పలు పెడుతుంది. డొమైన్ రాయకుండా పెట్టిన కుకీ ఆ ఒక్క హోస్ట్‌కే (అడ్రసులోని సరిగ్గా ఆ పేరుకే) చెందుతుంది. ఎగ్జాంపుల్.కామ్ అని డొమైన్ రాసి పెడితే ఆ సైట్‌కీ దాని కింద ఉన్న ఆర్డర్.ఎగ్జాంపుల్.కామ్ లాంటి సబ్‌డొమైన్లన్నిటికీ చెందుతుంది. పేరూ పాత్ ఒకటే అయినా బ్రౌజర్ ఈ రెండింటినీ వేర్వేరుగానే దాస్తుంది. డొమైన్ లేకుండా పెట్టినదాన్ని డొమైన్ రాసి తీసేయబోతే పోదు, డొమైన్ రాసి పెట్టినదాన్ని రాయకుండా తీసేయబోయినా పోదు. డొమైన్ ముందు చుక్క పెట్టాలా వద్దా అని మాత్రం తల పట్టుకోకండి, ఇప్పటి బ్రౌజర్లు ఆ చుక్కను పట్టించుకోవు.

పలాసలో జీడిపప్పు హోల్‌సేల్ షాపు ఉందనుకోండి. మెయిన్ సైట్ ఒకటి, డీలర్లు ఆర్డర్ పెట్టే సబ్‌డొమైన్ ఇంకొకటి. డీలర్ సైట్‌లో లాగౌట్ నొక్కితే మెయిన్ సైట్‌లో కూడా బయటికి రావాలని ఓనరు అడుగుతారు. మెయిన్ సైట్ కుకీని ఎగ్జాంపుల్.కామ్ డొమైన్ రాసి పెట్టి ఉంటే సబ్‌డొమైన్ నుంచి తీసేయవచ్చు. డొమైన్ రాయకుండా పెట్టి ఉంటే సబ్‌డొమైన్ సర్వర్ ఎంత మొత్తుకున్నా దాన్ని ముట్టుకోలేదు. పక్క సబ్‌డొమైన్ కుకీదీ అదే పరిస్థితి. అప్పుడు లాగౌట్‌ని మెయిన్ సైట్‌కి రీడైరెక్ట్ చేసి అక్కడే తీసేయాలి. 302 లాంటి రీడైరెక్ట్ రెస్పాన్స్‌లో వచ్చిన సెట్-కుకీని కూడా బ్రౌజర్లు పాటిస్తాయి, కాబట్టి మధ్యలో ఖాళీ పేజీలు చూపించక్కర్లేదు.

గడువు ఎలా రాయాలి

గడువు చెప్పడానికి రెండు దారులు: తేదీతో చెప్పే ఎక్స్‌పైర్స్, సెకన్లలో చెప్పే మ్యాక్స్-ఏజ్. రెండూ ఉంటే మ్యాక్స్-ఏజ్ మాటే నెగ్గుతుంది. రెండూ పంపండి: మ్యాక్స్-ఏజ్ 0, ఎక్స్‌పైర్స్ 1970 జనవరి 1 గురువారం, జీఎంటీలో. మ్యాక్స్-ఏజ్ తెలియని పాత బ్రౌజర్ ఎదురైనా తేదీ పనిచేస్తుంది. "గంట క్రితం" అని రాయడం నాకు నచ్చదు, తేదీని పోల్చేది యూజర్ కంప్యూటర్ గడియారంతో, సీఎంఓఎస్ బ్యాటరీ అయిపోయి టైము వెనక్కి వెళ్లిన సిస్టమ్ మీద గంట ఏ మూలకీ చాలదు. 1970 అయితే ఆ గొడవే ఉండదు.

గడువు ఏదీ రాయకుండా విలువ ఒక్కటే ఖాళీ చేస్తే కుకీ పోదు. ఖాళీ విలువతో సెషన్ కుకీగా మారి బ్రౌజర్ మూసేదాకా కూర్చుంటుంది. "కుకీ ఉందా" అని మాత్రమే చూసే కోడ్ ఎక్కడైనా ఉంటే అది ఇంకా ఉందనే చెబుతుంది.

సెక్యూర్, సేమ్‌సైట్, మిగతావి

సెక్యూర్ అంటే కుకీ హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్లాలని, సేమ్‌సైట్ అంటే వేరే సైట్ నుంచి పుట్టిన రిక్వెస్టుల్లో కుకీ వెళ్లాలా వద్దా అని చెప్పేవి. ఈ రెండూ కుకీ గుర్తింపులో భాగం కావు, కానీ తప్పుగా రాస్తే బ్రౌజర్ మీ లైనును తోసిపారేస్తుంది. సెక్యూర్‌తో పెట్టిన కుకీని మామూలు హెచ్‌టీటీపీ పేజీ నుంచి మార్చనివ్వదు, కాబట్టి లాగౌట్ కూడా హెచ్‌టీటీపీఎస్ మీదే ఉండాలి. రెండు అండర్‌స్కోర్లతో హోస్ట్ అని మొదలయ్యే పేర్లు వాడుతుంటే తొలగింపు లైనులో కూడా సెక్యూర్ ఉండాలి, పాత్ / ఉండాలి, డొమైన్ ఉండకూడదు. మీ సైట్ ఇంకో సైట్‌లో ఐఫ్రేమ్‌గా (పేజీ లోపల పేజీగా) తెరుచుకుంటుంటే సేమ్‌సైట్=నన్, సెక్యూర్ రెండూ తొలగింపులోనూ రాయాలి. 2020 నుంచి క్రోమ్ సేమ్‌సైట్ రాయనిదాన్ని లాక్స్ అనుకుంటుంది, అలాంటిది ఐఫ్రేమ్‌లో వస్తే తీసుకోదు. పార్టిషన్డ్ అని, అంటే ఏ సైట్ లోపల తెరిచారో దాన్ని బట్టి విడిగా దాచేలా, పెట్టినదాన్ని పార్టిషన్డ్ అనే తీయాలి.

హెచ్‌టీటీపీఓన్లీ కుకీ జావాస్క్రిప్ట్‌కి కనిపించదు, దాంతో తీయడమూ కుదరదు. పేజీలో డాక్యుమెంట్.కుకీతో లాగౌట్ రాసి పనిచేయట్లేదని అడిగేవాళ్లకు ఇదే జవాబు, అది సర్వర్ పనే. పైగా వేరే డొమైన్‌లో ఉన్న ఏపీఐకి ఫెచ్‌తో లాగౌట్ పంపుతుంటే క్రెడెన్షియల్స్ ఇన్‌క్లూడ్ అని ఇవ్వాలి, లేకపోతే రెస్పాన్స్‌లో వచ్చిన సెట్-కుకీని బ్రౌజర్ వదిలేస్తుంది.

మీరు వాడే భాషలో ఉన్న గోతులు

పీహెచ్‌పీలో అన్‌సెట్ చేస్తే కుకీల అరేలోంచి పోతుందంతే, బ్రౌజర్‌కి ఆ సంగతి తెలియదు. సెట్‌కుకీ ఫంక్షన్‌కి పెట్టినప్పటి పాత్, డొమైన్ మళ్లీ ఇవ్వాలి. విలువ ఖాళీగా ఇస్తే పీహెచ్‌పీయే 1970 తేదీ వేసి పంపుతుంది, విలువ డిలీటెడ్ అని కనిపిస్తే కంగారుపడకండి, అది దాని అలవాటు. 7.3 వెర్షన్ నుంచి ఆప్షన్లన్నీ ఒకే అరేలో ఇవ్వవచ్చు, సేమ్‌సైట్ రాయాలంటే అదే దారి. సెషన్ డిస్ట్రాయ్ పిలిచాం కదా అని ఊరుకోకండి, అది సర్వర్‌లోని డేటానే తీసేస్తుంది, సెషన్ ఐడీ ఉన్న కుకీ బ్రౌజర్‌లో అలాగే ఉంటుంది. సెషన్ కుకీ పారామ్స్‌ని అడిగి తెచ్చుకుని అవే విలువలతో తీసేయాలి. ఇంకో సంగతి, కుకీ పేరులో చుక్క ఉంటే పీహెచ్‌పీ దాన్ని చదివేటప్పుడు అండర్‌స్కోర్‌గా మార్చేస్తుంది. అరేలో కనిపించిన పేరుతో తీసేయబోతే అది వేరే పేరు.

నోడ్‌లో ఎక్స్‌ప్రెస్ వాడేవాళ్లకు క్లియర్‌కుకీ ఉంది. పాత్ చెప్పకపోతే అది / అనుకుంటుంది, బాగానే ఉంది. నాలుగో వెర్షన్‌లో మాత్రం పెట్టినప్పటి ఆప్షన్ల ఆబ్జెక్ట్‌నే మ్యాక్స్‌ఏజ్‌తో సహా ఇచ్చేస్తే, ఆ మ్యాక్స్‌ఏజ్ నుంచి కొత్త గడువు లెక్కకట్టి, ఖాళీ విలువతో ఇంకో వారమో నెలో బతికే కుకీని పంపుతుంది. ఐదో వెర్షన్‌లో తొలగింపుకు ఇచ్చిన మ్యాక్స్‌ఏజ్, ఎక్స్‌పైర్స్‌లను పట్టించుకోవడం మానేసింది. పాత ప్రాజెక్టుల్లో ఇదొకసారి వెతికి చూడండి.

జావా సర్వ్‌లెట్‌లో సెట్‌మ్యాక్స్‌ఏజ్‌కి 0 ఇస్తే తీసేయడం, మైనస్ 1 ఇస్తే బ్రౌజర్ మూసేదాకా ఉంచడం. గో భాషలో సరిగ్గా తిరగేసి ఉంటుంది: మ్యాక్స్‌ఏజ్ 0 అంటే అసలు ఏమీ చెప్పనట్టు, సున్నా కన్నా తక్కువ ఇస్తేనే తీసేయడం. జావా నుంచి గోకి వచ్చినవాళ్లు అలవాటుగా 0 రాసి రోజంతా వెతుక్కుంటారు. జావాలో మరొకటి: రిక్వెస్ట్‌లో వచ్చిన కుకీ ఆబ్జెక్ట్‌నే పట్టుకుని గడువు 0 చేసి తిరిగి పంపడం చాలామంది చేసే పని. దాంట్లో పాత్ నల్‌గా ఉంటుంది, బ్రౌజర్ పంపలేదు కాబట్టి. సెట్‌పాత్ చేత్తో పిలవాల్సిందే.

జాంగో, ఫ్లాస్క్‌లలో డిలీట్ కుకీ అనే ఫంక్షన్ ఉంది, పాత్ / అనుకుంటుంది, డొమైన్ మీరు ఇవ్వాలి. జాంగోలో దీన్ని రెస్పాన్స్ ఆబ్జెక్ట్ మీద పిలవాలి, పిలిచిన ఆ రెస్పాన్స్‌నే రిటర్న్ చేయాలి. ఒకదాని మీద పిలిచి ఇంకో రీడైరెక్ట్‌ని రిటర్న్ చేస్తే కుకీ అలాగే ఉంటుంది, ఇది నేను ఇద్దరు జూనియర్ల కోడ్‌లో చూశాను.

ఏ భాష అయినా నా సలహా ఒకటే. పేరు, పాత్, డొమైన్, సెక్యూర్, సేమ్‌సైట్ ఒకే చోట కాన్‌స్టంట్‌గా పెట్టుకుని, కుకీ పెట్టే ఫంక్షన్, తీసే ఫంక్షన్ రెండూ దాన్నే చదివేలా ఒకే ఫైల్‌లో రాయండి. వేరే ఎక్కడా నేరుగా కుకీ ముట్టుకోకూడదని టీమ్‌లో గట్టిగా చెప్పండి.

రెస్పాన్స్‌లో ఎప్పుడు, ఏ వరసలో

సెట్-కుకీ హెడర్ కాబట్టి పేజీలో ఒక్క అక్షరం బయటికి వెళ్లకముందే పంపాలి. పీహెచ్‌పీ ఫైలు మొదట్లో ఖాళీ లైను ఉన్నా హెడర్లు ముందే వెళ్లిపోయాయని వార్నింగ్ రావచ్చు. ఆ వార్నింగ్‌లు దాచేసిన సర్వర్‌లో కుకీ పోదు, కారణమూ కనిపించదు. ఒకే రెస్పాన్స్‌లో అదే కుకీకి రెండు లైన్లుంటే చివరిదే నిలుస్తుంది. మీరు తీసేసిన తర్వాత, వాడుతున్నవాళ్ల సెషన్‌ని పొడిగించే మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్‌కీ మధ్యలో నడిచే కోడ్) ఏదైనా మళ్లీ కొత్త కుకీ పెడుతోందేమో నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడండి.

ఇంకా కష్టమైనది రెండు రిక్వెస్టుల పోటీ. పేజీ ప్రతి 30 సెకన్లకు సర్వర్‌ని పలకరిస్తూ ఉంటుంది, ఆ పలకరింపు వెళ్లింది, ఈలోగా యూజర్ లాగౌట్ నొక్కారు, లాగౌట్ జవాబు ముందొచ్చి కుకీ పోయింది, తర్వాత వచ్చిన పలకరింపు జవాబు పొడిగించిన కుకీని మళ్లీ తెచ్చిపెట్టింది. కుకీ తొలగింపు ఎంత సరిగ్గా రాసినా ఇది ఆగదు.

సర్వర్‌లో కూడా చంపాలి

అందుకే అసలు లాగౌట్ జరగాల్సింది సర్వర్‌లో. సెషన్ టేబుల్‌లో ఆ వరసను తీసేయండి, రిమెంబర్ మీ టోకెన్ ఉంటే దాన్నీ చెల్లకుండా చేయండి, ఆ తర్వాతే కుకీ తీయండి. అప్పుడు పోటీలో తిరిగొచ్చిన కుకీ అయినా, ఎవరో ముందే కాపీ చేసుకున్న కుకీ అయినా దేనికీ పనికిరాదు. జేడబ్ల్యూటీని (యూజర్ వివరాలు తనలోనే ఉండే, సర్వర్ సంతకం చేసిన టోకెన్‌ని) ఉత్తగా కుకీలో పెట్టి సర్వర్‌లో ఏ జాబితా ఉంచుకోనివాళ్లకు ఇక్కడ ఇబ్బందే. టోకెన్ గడువును కొద్ది నిమిషాలకు కుదించి, కొత్త టోకెన్ తెచ్చుకోవడానికి వాడే రిఫ్రెష్ టోకెన్‌ని డేటాబేస్‌లో పెట్టి రద్దు చేయడం నాకు నచ్చిన దారి.

లాగౌట్‌ని లింకుగా కాక పోస్ట్ ఫారమ్‌గా పెట్టండి, లేకపోతే లింకులు ముందే తెరిచి చూసే ఎక్స్‌టెన్షన్లు యూజర్‌ని అడగకుండానే బయటికి నెట్టేస్తాయి. లోపలి పేజీలకు క్యాష్-కంట్రోల్ నో-స్టోర్ (పేజీ కాపీ దాచుకోవద్దని బ్రౌజర్‌కి చెప్పే హెడర్) ఇవ్వండి. కుకీ పోయినా బ్యాక్ బటన్ నొక్కితే పాత ఫారం కనిపించడం నెట్ సెంటర్‌లో చూసిందే.

హెచ్‌టీటీపీఎస్ ఉంటే క్లియర్-సైట్-డేటా అనే హెడర్ కూడా ఉంది. విలువగా కుకీస్ అన్న మాటను డబుల్ కోట్స్‌లోనే రాయాలి. పాత్, డొమైన్ ఏవీ చూడకుండా ఆ డొమైన్ కుకీలన్నీ, సబ్‌డొమైన్లవి కూడా, ఊడ్చేస్తుంది. ఒక కుకీ తీయాల్సినచోట భాష ఎంపిక, బుట్టలో సరుకు గుర్తున్న కుకీలు కూడా పోతాయి కాబట్టి షాపింగ్ సైట్లకు నేను వాడను, అప్లికేషన్ల సైట్‌కి మాత్రం వాడుతున్నాను.

జనం బ్రౌజర్లలో మిగిలిపోయిన పాత కుకీలు

కోడ్ సరిచేసి ఎక్కించినంత మాత్రాన పాత తప్పుతో పెట్టిన కుకీలు పోవు. ఒకే పేరుతో రెండు పాత్‌ల కుకీలుంటే పొడవైన పాత్ ఉన్నదాన్ని బ్రౌజర్ ముందు పంపుతుంది, పీహెచ్‌పీ మొదటిదాన్నే తీసుకుంటుంది. దాంతో యూజర్ కొత్తగా లాగిన్ అయినా సర్వర్‌కి చచ్చిన పాత విలువే కనిపించి, లాగిన్ పేజీకే తిరిగి తిరిగి వస్తారు. మందు ఏమిటంటే గతంలో వాడిన ప్రతి పాత్, డొమైన్ జతకూ ఒక్కో తొలగింపు లైను, డొమైన్ లేకుండా ఒకటి, డొమైన్‌తో ఒకటి, లాగిన్‌లోనూ లాగౌట్‌లోనూ పంపడం. పాత కుకీల గడువు ఎంత పెట్టారో అన్నాళ్లూ ఆ లైన్లు ఉంచండి. క్రోమ్ ఇప్పుడు 400 రోజుల కన్నా ఎక్కువ ఉంచదు. లేదంటే కుకీ పేరే మార్చేసి పాతదాన్ని చదవడం మానేయండి, తొందరలో ఉంటే అదే సులువు.

పరీక్ష

లాప్‌టాప్‌లో పనిచేసిందని నమ్మకండి, అసలు సర్వర్‌లో, అసలు డొమైన్ మీద, అసలు ఫోల్డర్‌లో చూడండి. లాగిన్ అయ్యాక అప్లికేషన్ ట్యాబ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అయితే స్టోరేజ్ ట్యాబ్‌లో, కుకీల జాబితా తెరిచి ఆ విలువను నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకోండి. లాగౌట్ నొక్కండి. జాబితాలో వరస మాయమవ్వాలి, ఖాళీ విలువతో ఉండిపోకూడదు. ఉండిపోతే నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ రెస్పాన్స్ కుకీల మీద పసుపు త్రికోణం ఉందేమో చూసి దాని మీద మౌస్ పెట్టండి, ఎందుకు తోసేసిందో క్రోమే చెబుతుంది. బ్యాక్ నొక్కి చూడండి. చివరగా నోట్‌ప్యాడ్‌లో దాచిన పాత విలువను కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే టూల్‌తో) కుకీ హెడర్‌గా పెట్టి లోపలి పేజీని అడగండి. లాగిన్ పేజీ వస్తే పని అయినట్టు, ఫారం తెరుచుకుంటే సర్వర్‌లో సెషన్ ఇంకా బతికే ఉందని అర్థం.